ఫోన్‌లో దమయంతి

దమయంతికి ఇంగ్లీషు రాదనుకునేరు. గుంటూరులో ఎమ్మెస్సీ బోటనీ చదివిన మనిషి. లైబ్రరీ నుంచి లావుపాటి డిటెక్టివ్ నవలలు తెచ్చుకుని వారానికొకటి చొప్పున నమిలేస్తుంది. మనిషి ఎదురుగా ఉంటే కళ్ళూ చేతులూ కలిపి ఎలాగో నెట్టుకొస్తుంది కూడా. చిక్కంతా ఫోన్ దగ్గరే వచ్చింది. అమెరికాలో, ప్లేనో ఊళ్ళో ఇల్లు మారిన కొత్తలో ఇంటర్నెట్ పోయిందని ఫోన్ చేస్తే, అవతలి కుర్రాడు ఆమె చేత అడ్రసు మూడుసార్లు చెప్పించుకుని, "మీ ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. తిట్టినా అంత బాధపడేది కాదు.

పక్కన కూర్చుని బొమ్మలకి రంగులేసుకుంటున్న ఎనిమిదేళ్ళ కూతురు దేదీప్య, ఇంట్లో దీపు, అప్పుడు తల్లి చేతిలోంచి ఫోన్ లాక్కుంది. గొంతు కాస్త బరువు చేసి, "హాయ్, దిస్ ఈజ్ దమయంతి" అంది. అడ్రసు చెప్పింది. పుట్టిన తేదీ అడిగితే తల్లి పుట్టిన తేదీ చెప్పింది. ఇరవై నిమిషాల్లో ఇంటర్నెట్ వచ్చేసింది. దమయంతి పిల్లని ఎత్తుకుని గిరగిరా తిప్పి ముద్దులు పెట్టుకుంది.

ఆ రోజే చెవి మెలేసి ఉంటే ఎలా ఉండేదో మరి. మెలెయ్యలేదు సరికదా, ఆ శనివారం తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో ముప్పైమంది ముందు పిల్ల చేత మళ్ళీ అనిపించింది. "హాయ్, దిస్ ఈజ్ దమయంతి" అని ఆ బుల్లి గొంతు అంటుంటే బిర్యానీ ప్లేట్లు పట్టుకుని అందరూ పడీపడీ నవ్వారు. పిల్ల ముఖం వెలిగిపోయింది.

ఇక అక్కణ్ణుంచి ఆ ఇంట్లో ఫోన్ తల్లిదీ నోరు కూతురిదీ అయింది. పళ్ళ డాక్టరు అపాయింట్‌మెంటు, కారు ఇన్సూరెన్సు, పెరట్లో కంచె విరిగితే కాలనీ వాళ్ళకి ఫిర్యాదు, అన్నీ దీపూనే. తెలియని నంబరు మోగితే దమయంతి ఎత్తేది కాదు, వాయిస్‌మెయిల్‌లో పడనిచ్చేది. దీపు బడి నుంచి వచ్చి, గిన్నెలో కారప్పూస పోసుకుని, ఒక చేత్తో తింటూ ఒక చేత్తో అందరికీ తిరిగి ఫోన్లు చేసేది. ఆరో తరగతిలో ఒకసారి తనకే జ్వరం వస్తే, దుప్పటి కప్పుకుని వణుకుతూ బడికి తనే ఫోన్ చేసి "మా అమ్మాయికి జ్వరమండీ, ఇవాళ రాదు" అని చెప్పింది. ఇది కూడా పార్టీల్లో బాగా పేలిన జోకే.

జోకుల్లో తండ్రి శశికాంత్‌ది ఇంకా పెద్ద చెయ్యి. అమెరికా వచ్చిన కొత్తలో అతని మొదటి ఉద్యోగానికి ఫోన్ ఇంటర్వ్యూ ఇచ్చింది అతను కాదు, అతని రూమ్మేటు. ఉద్యోగంలో చేరిన వారం రోజులూ గొంతు పోయిందని కాగితం మీద రాసి చూపిస్తూ నెట్టుకొచ్చాడు. "వాడి గొంతు, నా బుర్ర. కంపెనీకి ఇద్దరి పనీ దొరికింది, ఇంకేం కావాలి?" అంటాడు. ఆ కథ ఎక్కడ ఆపాలో, ఎక్కడ దగ్గాలో దేదీప్యకి కంఠతా వచ్చు. తండ్రి ఎక్కడైనా తడబడితే అందించేది కూడా తనే.

ఇప్పుడు దేదీప్యకి పదిహేడు. హైస్కూలు ఆఖరి సంవత్సరం, ఇంకో ఆరు వారాలు. ఆస్టిన్‌లో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. దారి తప్పిన సంతానం కాదు, ఇరుగుపొరుగు తల్లులు తమ పిల్లల్ని తిట్టడానికి వాడుకునే పిల్ల.

ఏప్రిల్‌లో ఒక బుధవారం పొద్దున్న పదకొండు గంటలకి, సాన్వి కారు వెళ్ళి రోడ్డు పక్క స్తంభాన్ని గుద్దింది. సాన్వి అంటే దేదీప్యకి ప్రాణస్నేహితురాలు. వీళ్ళ సందు చివరి ఇల్లే. ప్రాణానికి ముప్పు తప్పింది, తొడ ఎముకా భుజం ఎముకా విరిగాయి. బడిలో ఉండాల్సిన పిల్ల పదకొండింటికి రోడ్డు మీద ఏం చేస్తోందని తల్లి సుధ బడికి పరుగెత్తితే, "మీరే కదండీ ఒంట్లో బాగాలేదని ఫోన్ చేశారు" అన్నారు. ఆ ఒక్క రోజే కాదట. మూడు వారాల్లో పదకొండు రోజులు సాన్వి బడికి రాలేదు. పదకొండుసార్లూ సుధ ఫోన్ చేసి చెప్పిందట. సుధ ఒక్కసారి కూడా చెయ్యలేదు.

ఆ సంగతి విని దమయంతి బుగ్గలు నొక్కుకుంది. "ఎవరో దుర్మార్గులు, పిల్లల జీవితాలతో ఆడుకుంటున్నారు" అని పప్పు తాలింపు వేస్తూ అంది కూడా. దేదీప్య తలెత్తకుండా అన్నం కలుపుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం దమయంతి ఫోన్ మోగింది. తెలియని నంబరు. అలవాటు ప్రకారం మోగనిచ్చింది. నాలుగింటికి దీపు వచ్చి, కారప్పూస గిన్నె పక్కన పెట్టుకుని వాయిస్‌మెయిల్ విన్నది. విన్నాక చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది.

"ఎవరే?" అంది దమయంతి.

"స్కూల్. మిసెస్ కోల్మన్. అసిస్టెంట్ ప్రిన్సిపల్." దేదీప్య ఫోన్ బోర్లా పెట్టింది. "మండే మార్నింగ్ ఎయిట్ థర్టీకి మీ ఇద్దరూ రావాలంట. ఆ కాల్స్ అన్నీ నీ ఫోన్ నుంచి వెళ్ళాయి అమ్మా."

దమయంతికి ముందు అర్థం కాలేదు. నా ఫోనా, నేనెందుకు చేస్తాను, అని అనబోయి, ఆగిపోయింది. ఆ ఫోన్‌లో ఆవిడ మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆవిడకే తెలుసు. తన సొంత ఫోన్ జేబులో పెట్టుకుని, వంటింటి గట్టు మీది తల్లి ఫోన్ తీసి దొంగ కాల్ చేసిందంటే, ఈ పిల్లకి అది దొంగతనమన్న స్పృహే లేదు. అమ్మ గొంతు పెట్టినప్పుడు అమ్మ ఫోన్ తియ్యడం చేతికి అలవాటు, అంతే.

"ఎందుకు చేశావే?"

"అది ఏడ్చింది. ప్లీజ్ ఒక్కరోజే అంది. తర్వాత ఇంకో రోజు అంది." దేదీప్య కారప్పూస గిన్నె దూరంగా నెట్టింది. "నేను నో చెప్తే అది ఎవరినడుగుతుంది?"

"ఇలాంటివి ఎక్కడ నేర్చుకున్నావే నువ్వు?"

ఆ పిల్ల వెటకారంగా అని ఉంటే దమయంతి చెయ్యి చేసుకునేదే. కానీ దేదీప్య నిజంగానే ఆశ్చర్యపోయింది. దారి తెలిసినవాళ్ళు దారి అడిగితే చూసినట్టు చూసింది.

"ఇక్కడే" అంది. "ఇట్స్ వాట్ వి డూ, అమ్మా."

ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని వాళ్ళమ్మ ఎప్పుడూ ఎవరినో ఒకరిని అంటుండేది. అది ఎప్పుడూ పక్కింటివాళ్ళ సామెతే అనుకుంది దమయంతి ఇన్నాళ్ళూ.

శశికాంత్ ఆఫీసు నుంచి వచ్చాడు, విన్నాడు, కూర్చోలేదు. హాల్లో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ ఏదైనా కూలిపోయినప్పుడు ఎలా నడుస్తాడో అలాగే నడిచాడు. ఐదు నిమిషాల్లో అతనికి దారి దొరికింది.

"పిల్ల చేసిందని తేలితే సస్పెన్షన్. రికార్డులోకెక్కుతుంది. ఆస్టిన్‌కి లెటర్ వెళ్తుంది. సీటు కేన్సిల్ చేసినా చేస్తారు" అన్నాడు. "అదే పెద్దవాళ్ళు చేశారనుకో. స్కూలు ఏం పీకుతుంది? ఓ మాటంటారు. తలొంచుకుని వచ్చేస్తాం. ఫోన్ ఎవరిది? నీది. చేసింది నువ్వు. అమ్మకి ఒంట్లో బాగోలేదు, ఆవిడ బదులు మీరు చెప్పండి ఆంటీ అని సాన్వి అడిగింది, నువ్వు పోనీలే అని సుధ పేరు చెప్పి చేశావు. అయిపోయింది."

"మరి సుధకేం చెప్పను?"

"సుధ సంగతి తర్వాత చూద్దాం."

"నా గొంతు వింటే వాళ్ళకి తెలీదూ?"

శశికాంత్ ఆగాడు. తర్వాత నవ్వాడు, ఆ పరిస్థితిలో కూడా నవ్వాడు మహానుభావుడు. "నీ గొంతు వాళ్ళు ఎప్పుడు విన్నారే? ఇన్నేళ్ళుగా ఆ బడికి దమయంతి అంటే దీపూనే కదా! నువ్వు కాస్త దానిలా మాట్లాడితే చాలు."

అలా శనివారం పొద్దున్న భోజనాల బల్ల దగ్గర దమయంతికి ట్యూషన్ మొదలైంది. పంతులమ్మ దేదీప్య. లాప్‌టాప్‌లో ఒక పేజీ రాసి, ప్రింటు తీసి ముందు పెట్టింది. ఎక్కడ ఆగాలో అక్కడ గీతలు గీసింది. "సో సారీ అన్న దగ్గర కొంచెం నిట్టూర్చు. ఎక్స్‌ప్లెయిన్ చెయ్యకు, ఎక్కువ ఎక్స్‌ప్లెయిన్ చేస్తే డౌట్ వస్తుంది. వాళ్ళే అడిగేదాకా ఆగు." ఇవన్నీ పిల్లకి ఎంత బాగా తెలుసో అనుకుంది దమయంతి. సంగీతం నేర్పించాం, కూచిపూడి నేర్పించాం, రోబోటిక్స్‌లో వేశాం. ఏదీ ఇంత క్షుణ్ణంగా రాలేదు.

నాలుగుసార్లు చదివాక కూడా దమయంతి నాలుక తిరగలేదు. "ఇలా అమ్మా, చూడు" అని దేదీప్య కుర్చీలో వెనక్కి వాలి, గొంతు మార్చింది.

ఒక ఆడమనిషి ఆ కుర్చీలోకొచ్చి కూర్చుంది. గలగలా నవ్వే మనిషి. "ఓ హనీ, డోంట్ ఈవెన్ గెట్ మీ స్టార్టెడ్" అని అవతలివాళ్ళతో చనువుగా వేళాకోళమాడే మనిషి. వాతావరణం గురించి ఓ మాట, మొగుడికి తన సాక్సులు తనకి దొరకవని ఓ మాట, మా అమ్మాయంటే నాకు ఎంత గర్వమో చెప్పలేనండీ అని ఓ మాట. ఆవిడకి ఎవరన్నా భయం లేదు. ఆవిడని ఎవరూ మళ్ళీ చెప్పమని అడగరు.

"ఎవరే ఈవిడ?" అంది దమయంతి.

"నువ్వే. ఫోన్‌లో నువ్వు." దేదీప్య కొంచెం సిగ్గుపడింది. "డాక్టర్ ఆఫీస్ వాళ్ళకి నువ్వంటే చాలా ఇష్టం, తెలుసా? యు ఆర్ ఫన్నీ."

దమయంతి లేచి వెళ్ళి సింకులో గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. డిష్‌వాషర్ ఉండగా చేత్తో కడిగింది. తన కూతురు తొమ్మిదేళ్ళు కష్టపడి తన పేరుతో ఇంకో తల్లిని తయారుచేసుకుంది. ఆ తల్లి బావుంది. ఆవిడ మీద దమయంతికి ఒళ్ళు మండిపోయేంత అసూయ పుట్టింది, ఆ అసూయకి మళ్ళీ ఏడుపూ వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం పప్పుచారూ బంగాళాదుంప వేపుడూ డబ్బాల్లో సర్దుకుని ఆసుపత్రికి వెళ్ళింది. వెళ్ళకుండా ఉండలేకపోయింది, వెళ్ళాక సుధ ముఖం చూడలేకపోయింది. సాన్వి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కాలికి కట్టు, చేతికి కట్టు. తల్లితో మూడు రోజులుగా అవునూ కాదూ తప్ప ఇంకో మాట లేదట. సుధ దమయంతిని వరండాలోకి లాక్కొచ్చింది. సుధది వరంగల్ దగ్గర. నవ్వితే పది ఇళ్ళకి వినపడే మనిషి. ఆ రోజు గుసగుసలాడినట్టు మాట్లాడింది.

"అక్కా, నా బిడ్డ పదకొండు దినాలు ఏడికి పోయిందో నాకు తెల్వదు. పొద్దుగాల డబ్బాల అన్నం పెట్టి పంపిన. మూడున్నరకు ఖాళీ డబ్బ తెచ్చి సింకుల ఏసింది. ముఖం జూస్తె మంచిగనే ఉంటుండె. డాక్టరు అడుగుతుండు, నిద్ర లేక స్టీరింగ్ మీద తూగిందంట, ఇంట్ల ఏమన్న పరేషానీ ఉన్నదా అని. నాకేం తెల్వదని చెప్పిన. తల్లిని గదా అక్కా, ఏం తెల్వదని చెప్పుడు ఎంత కష్టమయ్యిందో."

దమయంతి డబ్బాల సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"రేపు బడికి రమ్మన్నరు. ఫోన్ చేసిన మనిషి తెలుస్తదట. నేను కొట్లాడను అక్కా, ఒట్టు. ఆ మనిషికి నా బిడ్డ ఏమన్న చెప్పే ఉంటది. అది చెప్తె చాలు. ఇయ్యాల కాలు అతుకుతది, మనసుల ఏమున్నదో తెల్వకుంటె మళ్ల కారెక్కితె ఏమైతదో!" సుధ దమయంతి చెయ్యి పట్టుకుంది. "దీపునడుగు అక్కా. దానికేమన్న తెల్సేమో."

"అడుగుతాను" అంది దమయంతి. అంతకంటే నీచమైన మాట తను జన్మలో అనలేదని పార్కింగ్ లాట్‌లో కారులో కూర్చున్నాక తెలిసింది. తెలిసినా ఏం చెయ్యాలో తోచలేదు. నిజం చెబితే కూతురి సీటు. అబద్ధం చెబితే ఇంకొకరి కూతురు. రెండు వైపులా ఆడపిల్లలే. కారు అద్దాలన్నీ ఎక్కించుకుని అరగంటసేపు ఏడ్చింది.

ఇంటికొచ్చి దీపుని అడిగింది, సాన్వి ఎందుకు వెళ్ళలేదో. "ప్రామిస్ చేశాను, చెప్పను" అంది దేదీప్య. "మీరు పెద్దవాళ్ళు. మీకు చెప్తే వాట్సాప్‌లో పెట్టేస్తారు."

సోమవారం పొద్దున్న ముగ్గురూ కారులో బడికి వెళ్ళారు. బడి పార్కింగ్‌లో దిగేముందు శశికాంత్ వెనక్కి తిరిగి, "పేపర్ గుర్తుందా?" అన్నాడు. దమయంతి తలూపింది. దేదీప్య తల్లి చున్నీ సర్దింది, భుజం మీద ఓ తట్టు తట్టింది. పరీక్షకి వెళ్ళే పిల్లని తల్లి తట్టినట్టు.

మిసెస్ కోల్మన్ నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న మనిషి. బల్లకి అవతల ఆమె, ఇవతల నాలుగు కుర్చీలు. నాలుగో దాంట్లో సుధ అప్పటికే కూర్చుని ఉంది. దమయంతినీ శశికాంత్‌నీ చూసి, తనకి తోడుగా వచ్చారనుకుని, కృతజ్ఞతగా నవ్వింది. ఆ నవ్వు దమయంతి భరించలేకపోయింది.

కోల్మన్ కంప్యూటర్లో ఏదో నొక్కింది. "హాయ్! దిస్ ఈజ్ సుధ, సాన్వీస్ మామ్..." గదిలోకి ఆ గలగల నవ్వే గొంతు వచ్చింది. మా అమ్మాయికి పాపం మళ్ళీ తలనొప్పి, వానలకి మా ఇంట్లో అందరం ఇంతేనండీ అంటోంది. ఎంత చక్కగా అంటోందో. శశికాంత్ అనవసరంగా రెండుసార్లు దగ్గాడు. గుమ్మడికాయల దొంగ ఎవరని ఇంకా ఎవరూ అడగనేలేదు.

సుధ ముఖంలో నవ్వు ఆరిపోయింది. ఆ గొంతు ఆమెకి దేదీప్య చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆమె మెల్లగా దేదీప్య వైపు తిరిగింది.

"ఈ నంబరు మీదని మా రికార్డుల్లో ఉంది" అంది కోల్మన్, దమయంతితో. "ఈ కాల్స్ గురించి మీరేమైనా చెప్పగలరా?"

శశికాంత్ మోచేత్తో తాకాడు. దేదీప్య తల్లి పెదాల వంకే చూస్తోంది. మొదటి మాట అందించడానికి సిద్ధంగా, తన పెదాలు కూడా కొంచెం తెరిచి చూస్తోంది. అది చూసింది దమయంతి. బిడ్డ నోరు తన కోసం అలా తెరుచుకుని ఉండటం చూసింది. కాగితం మీద రాసిందంతా బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయింది.

"అది నా కూతురి గొంతు" అంది ఇంగ్లీషులో. గుంటూరు ఇంగ్లీషులో. నిట్టూర్పులూ లేవు, ఆగాల్సిన గీతలూ లేవు. "నా కూతురు దేదీప్య. సాన్వి అడిగితే చేసింది. తప్పు చేసింది. కానీ గొంతు మార్చి మాట్లాడటం దానికి నేను నేర్పాను. దానికి ఎనిమిదేళ్ళప్పటి నుంచీ నా ఫోన్లన్నీ అదే మాట్లాడుతోంది. మీరు నాతో మాట్లాడామనుకున్న ప్రతిసారీ దానితోనే మాట్లాడారు. నాకు భయం. నా మాట ఎవరికీ అర్థం కాదని భయం. నేను మళ్ళీ చెప్పనా? మీకు అర్థమైందా?"

"ప్రతి మాటా అర్థమైంది మేడమ్" అంది మిసెస్ కోల్మన్. కాగితం మీద రాసుకోవడం ఆపి, "చాలా స్పష్టంగా చెప్పారు" అంది.

శశికాంత్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. దేదీప్య కోపంగా లేదు, ఏడవడమూ లేదు. తల్లిని కొత్త మనిషిని చూసినట్టు చూస్తోంది.

సుధ కుర్చీ జరుపుకుని దేదీప్య ముందుకొచ్చింది. మాటిచ్చినట్టే కొట్లాడలేదు. "చెప్పు బిడ్డ, ఎందుకు పోలేదు బడికి?" అంది. దేదీప్య తల్లి వైపు చూసింది. దమయంతి ఏమీ అందించలేదు.

అప్పుడు ఆ పిల్ల మెల్లగా చెప్పింది. మార్చిలో సాన్వికి తను కోరుకున్న పెద్ద యూనివర్సిటీలో సీటు రాలేదు. ఆ సాయంత్రం భోజనాల దగ్గర అమ్మ అడిగితే, ఆ పూటకి గండం గడుస్తుందని, వచ్చింది అంది. తెల్లారి నిజం చెబుదామనుకుంది. తెల్లారేసరికి సుధ కాలనీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేసింది. నూట నలభైమంది కంగ్రాట్స్ చెప్పారు. ఆదివారం కేకు కోశారు. బడిలో సీటు నిజంగా వచ్చినవాళ్ళు, హాస్టల్లో ఏ రూము అని సాన్విని అడగడం మొదలుపెట్టారు. వాళ్ళకి ఎదురుపడలేక సాన్వి బడి మానేసి రోజూ చెరువు దగ్గర పార్కులో కారాపుకుని, డబ్బాలో అన్నం బాతులకి వేసి, మూడింటిదాకా కూర్చునేది. రాత్రుళ్ళు నిద్రపోవడం మానేసింది.

"నేనే గదా పెట్టిన" అంది సుధ. ఎవరితోనూ కాదు. "పొద్దుగాల లేవంగనె, పండ్లు సుత తోముకోలే, పెట్టేసిన." ఆమె బ్యాగు తీసుకుని, కోల్మన్‌కి చెప్పకుండానే ఆసుపత్రికి పరుగెత్తింది. తలుపు దగ్గర ఒక్కసారి ఆగి దమయంతి వైపు చూసింది. ఆ చూపులో క్షమించడమూ ఉంది, క్షమించకపోవడమూ ఉంది. ఏది ఎంతో ఆ తర్వాత చాలాకాలం దమయంతికి తేలలేదు.

దేదీప్యకి మూడు రోజుల సస్పెన్షన్ అన్నారు. రికార్డులో ఎక్కుతుంది. యూనివర్సిటీకి ఉత్తరం వెళ్తుంది; వాళ్ళేమంటారో వాళ్ళిష్టం. శశికాంత్ సంతకాలు పెట్టాడు. బయటికొచ్చి, "సీటు పోతే నీ నోటి పుణ్యమే" అని దమయంతితో అని, కారు తేవడానికి గబగబా వెళ్ళిపోయాడు.

తల్లీ కూతుళ్ళిద్దరూ బడి ముందు సిమెంటు బల్ల దగ్గర నిలబడ్డారు. రెండో పీరియడ్ గంట కొట్టారు, లోపల ఎక్కడో పిల్లల చప్పుడు. కోపం వస్తుందని, అరుస్తుందని దమయంతి కాచుకుని ఉంది. తిట్టించుకోవడానికి తయారుగా ఉంది. కన్నతల్లి మీద కూతురు ఇలాంటప్పుడు అరవకపోతే ఇంకెప్పుడు అరుస్తుంది?

"నాన్న ఆస్టిన్ గురించి అన్నాడు కదా, దట్స్ ఫైన్" అంది దేదీప్య. "అది నేను చేసిందే."

"దీపూ..."

"ఆవిడ ఒక్కసారి కూడా వాట్ అనలేదు." దేదీప్య గొంతులో ఆ ఫోన్ మనిషి లేదు. ఎనిమిదేళ్ళ పిల్ల గొంతులా ఉంది. "సారీ, ప్లీజ్ రిపీట్, ఏం అనలేదు. మొత్తం అర్థమైంది ఆవిడకి. నువ్వు మాట్లాడగలవు అమ్మా. ఎప్పుడూ మాట్లాడగలవు."

దమయంతి కూతురి జుట్టు చెవి వెనక్కి సర్దింది.

"మరి నన్నెందుకు మాట్లాడించావ్?" అంది దేదీప్య.